ఆకుకింత, పువ్వుకింత

మొన్న ఆదివారం మా మనవరాలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొచ్చి నా మంచం మీద కూలబడింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, వచ్చే వైశాఖంలో పెళ్ళి. "తాతా, సింపుల్‌గా చేసుకుందామనుకున్నాం. మా ఇద్దరి దగ్గరా పెద్దగా డబ్బు లేదు, అమ్మానాన్నల్ని అడగదల్చుకోలేదు. కానీ వచ్చినవాళ్ళకు గుర్తుండిపోవాలి. ఇందులో ఏవి కొట్టేయమంటావో చెప్పు" అంది.

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. తెర నిండా గళ్ళు. హాలు, డెకరేషను, క్యాటరింగు, ఫోటో, వీడియో, డ్రోను, మేకప్పు, మెహందీ, హల్దీ, సంగీత్, పోయేటప్పుడు చేతిలో పెట్టే రిటర్న్ గిఫ్టు, వచ్చేటప్పుడు గుమ్మంలో ఇచ్చే వెల్‌కమ్ డ్రింకు. అరవై ఏడు వరసలు లెక్కబెట్టాను. పురోహితుడు యాభై మూడో వరసలో ఉన్నాడు, మంగళసూత్రం యాభై ఎనిమిదిలో. మరి మనుషులు ఎక్కడే అని వెతికితే, మా తమ్ముడూ, గుంతకల్లు మామ పిల్లలూ, పక్కింటివాళ్ళూ, అందరూ కలిసి "గెస్ట్స్ 400" అనే ఒక్క గడిలో ఇరుక్కుని ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది.

కొట్టేసేవి తర్వాత వెతుక్కుందువుగానీ, ఆ పట్టీలో లేనిదేదో ముందు చూసుకోవే తల్లీ అన్నాను. దానికి అర్థం కాలేదు. మీకూ అర్థం కాదు, ముప్పై దాటని వాళ్ళకు ఎవరికీ కాదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. ఫోను పక్కన పెట్టి చదవండి.

మా రోజుల్లో పెళ్ళిళ్ళు తక్కువలో తేలిపోయేవి అనగానే, "అప్పుడు అన్నీ చవక కదా" అంటారు మీరు. ఏం చవక? నా పెళ్ళి 1974 వైశాఖంలో జరిగింది, ఆనంద నామ సంవత్సరం. ధరలు నిప్పులు కక్కిన ఏడాది అది. కిరసనాయిలుకు క్యూ, చక్కెరకు క్యూ. పది గ్రాముల బంగారం ఐదు వందల రూపాయల చుట్టూ ఉండేది, జాలహళ్ళి హెచ్ఎంటీ గడియారాల ఫ్యాక్టరీలో నా నెల జీతం మూడు వందలు. ఇప్పుడు అదే పది గ్రాములు లక్ష దాటింది. మా మనవరాలి జీతం పక్కన పెట్టి చూస్తే, బంగారం అప్పుడు నాకు ఎంత దూరమో ఇప్పుడు దానికీ దాదాపు అంతే దూరం. కాబట్టి ఆ మాట ఇంకెప్పుడూ అనకండి. మేము తక్కువలో చేసుకోగలిగాం, ఎందుకంటే పెళ్ళికి కావలసినవాటిలో సగం పైగా కొనలేదు. అడిగి తెచ్చుకున్నాం.

మాది లేపాక్షికి నాలుగు మైళ్ళ దూరంలో పల్లె. సంత హిందూపురంలో. మా వైపు ఆచారం ప్రకారం ముహూర్తం మగపెళ్ళివారింట్లోనే. పెళ్ళికి రెండు నెలల ముందు నుంచే మా జేజి, అంటే మా నాయనమ్మ, విస్తరాకులు కుట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట నడవలో కాళ్ళు చాపుకుని, పక్కన మోదుగాకుల మూట, ఒళ్ళో సన్నగా చీల్చిన ఈనెపుల్లలు. ఆకు మీద ఆకు పెట్టి, పుల్ల గుచ్చి, తుంచి, మళ్ళీ గుచ్చి. చూస్తుండగానే చేతిలో గుండ్రంగా విస్తరి తయారయ్యేది. వాటిని పాతిక పాతిక కట్టలు కట్టి, మీద రాయి బరువు పెట్టేది, ముడుచుకుపోకుండా. దారిన పోయే ఆడవాళ్ళు ఒక్క నిమిషం కూర్చుని తలా రెండు కుట్టిపోయేవాళ్ళు. పెళ్ళినాడు నేను తిన్న విస్తరి ఎవరు కుట్టారో తెలీదు గానీ, ఆ బంతిలో కూర్చున్నవాళ్ళు చాలామంది తాము కుట్టిన ఆకుల్లోనే తిన్నారు.

పందిరికి కొబ్బరాకు చెరువు కింద తోటల నుంచి వచ్చింది. తోటకు రెండు మట్టలు, ఏ తోటవాడూ కాదనలేదు. రాత్రి పెట్రోమాక్సు లైటు కింద మగవాళ్ళంతా చుట్టూ కూర్చుని తడికలు అల్లారు. వంట పాత్రలు ఊరంతా తిరిగి పోగుచేశారు. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని గుండిగలు, గంగాళాలు, ఓళిగల పప్పు ఉడకేసే కొప్పెర. ప్రతి పాత్ర అంచు మీదా చిన్న చిన్న చుక్కలతో పేరు చెక్కించి ఉండేది, ఏది ఎవరింటిదో తగువు లేకుండా. మా ఇంటి పెద్ద గుండిగ మీద మా జేజి పేరుండేది. ఊళ్ళో అది ఉడకని పెళ్ళి లేదు. పని అయిపోయాక చింతపండు పెట్టి తళతళా తోమి, అడుగున రెండు ఓళిగలో, గుప్పెడు బెల్లమో పెట్టి తిరిగి పంపాలి. ఉత్త పాత్ర తిరిగి పంపితే ఆ ఇంటి ఆడది నొచ్చుకునేది.

ఇంతకూ రైళ్ళ సంగతి చెప్పలేదు. ఆ మే నెల 8వ తేదీన జార్జి ఫెర్నాండెజ్ పిలుపు మీద దేశమంతా రైల్వే సమ్మె. మా మేనమామ గుంతకల్లులో రైల్వే మనిషి. సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు, ఎక్కి రావడానికి రైలూ లేదు. ఆయన వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఉల్లిగడ్డల లారీలో అనంతపురం దాకా, అక్కణ్ణుంచి ఎడ్లబండ్లూ కాలినడకా కలిపి, తలంబ్రాలు అయిపోయి అందరూ చేతులు కడుక్కుంటున్న వేళకు దిగాడు. చొక్కా నిండా ఉల్లి వాసన. నేను బాసికం విప్పబోతుంటే వద్దని చెయ్యి పట్టుకుని, ఇంకోసారి పీటల మీద కూర్చోమని, మా ఇద్దరి మీదా అక్షతలు వేసి అప్పుడు మంచినీళ్ళు తాగాడు. డ్రోనుతో తీసిన ఏ వీడియోలో దొరుకుతుంది ఇది?

ఆయన చదివింపుల్లో రాయించిన పద్దు ఇప్పటికీ నా దగ్గరుంది. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. "గుంతకల్లు మామ, రూ. 2". ముహూర్తం అయ్యాక ఊరి కరణం పందిట్లో చాప వేసుకుని కూర్చుని, ఎవరు ఏమిచ్చారో పైకి చదువుతూ రాసేవాడు, అందుకే అవి చదివింపులు. అయిదు రూపాయలు, రెండు రూపాయలు, శేరు బియ్యం, కడవ మజ్జిగ, రవిక గుడ్డ. నా పెళ్ళికి మొత్తం ఖర్చు రూ. 2,130. చదివింపుల్లో వచ్చింది రూ. 1,284. మిగిలింది మా నాయన వేరుశనగ అమ్మి కట్టాడు. ఈ పుస్తకం దానం పుస్తకం అనుకునేరు. వడ్డీ లేని అప్పుల పుస్తకం అది. వాళ్ళింట్లో పెళ్ళైనప్పుడు మనం ఇది తెరిచి చూసుకుని, వాళ్ళు ఇచ్చినదాని మీద కొంచెం వేసి తిరిగి ఇవ్వాలి. 1981లో మామ కూతురి పెళ్ళికి నేను నూట పదహార్లు రాయించాను. సమ్మెనాటి రెండు రూపాయల ముందు అది తక్కువేనని నాకు ఇవాళ్టికీ గుబులు.

మరి ఇప్పుడు? బెంగళూరులో ఏ శుభలేఖ తీసినా కింద ఒక మాట అచ్చు వేస్తారు, మీ ఆశీర్వాదమే మాకు కానుక అని. చదవడానికి గొప్పగానే ఉంటుంది. అలా అచ్చు వేసినవాళ్ళే బ్యాంకుకు పోయి పర్సనల్ లోను తీసుకుంటారు. మామ దగ్గర రెండు రూపాయలు పుచ్చుకోవడం నామోషీ, ముక్కూమొహం తెలియని బ్యాంకుకు అయిదేళ్ళు వడ్డీ కట్టడం నామోషీ కాదు. ఇదెక్కడి లెక్క నాయనా?

"అడగాలంటే మొహమాటం తాతా. ఎవరికీ టైముండదు. డబ్బిస్తే ఏ గొడవా ఉండదు" అంది మా పిల్ల. అదిగో, అక్కడుంది మీ తరం రోగమంతా. డబ్బు పారేస్తే ఎవరికీ రుణపడి ఉండనక్కర్లేదు. మనకు రుణానుబంధం అని ఒక మాట ఉంది. రుణం లేకుండా అనుబంధం మాత్రం కావాలంటే ఎట్లా కుదురుతుంది? మీ పట్టీలో ప్రతి వరసా, ఒకప్పుడు ఒక మనిషి చేసిన పని. మనిషిని తీసేసి అక్కడ రేటు వేశారు. భోజనానికి ఆకుకింత, పువ్వుకు మూరకింత, ఫోటోగ్రాఫరుకు గంటకింత. మేనత్త పాడే చోట డీజే. జేజి నూరే గోరింటాకు చోట మెహందీ డిజైనరు.

అన్నట్టు ఆ హల్దీ. నలుగు అనే మాట మీకు ఎక్కడ పారిపోయింది? ముత్తైదువులు అయిదుగురు వచ్చి, శనగపిండీ పసుపూ నూనే కలిపి, పాట పాడుతూ పెళ్ళికూతురి ఒంటికి రాసేవాళ్ళు. పెరట్లో జరిగేది. ఆ పిల్లకు పాత చీర కట్టించేవాళ్ళు, పసుపు అంటి పాడవుతుందని. ఇప్పుడు దానికోసమని కొత్త పసుపుపచ్చ బట్టలు, వచ్చినవాళ్ళకూ అదే రంగు, వెనక పసుపు పూల గోడ. నలుగు పెడితే ఒళ్ళు నునుపు తేలాలి గానీ, ఫోటో తేలడమేమిటి?

ఇంకొకటుంది, ఈ ఊరి అలవాటు. ముందురోజు సాయంత్రం రిసెప్షను, మర్నాడు పొద్దున ముహూర్తం. తాళి పడకముందే ఇద్దరినీ స్టేజీ మీద నిలబెడతారు, జనం వరసలో నిలబడి పైకెక్కి ఫోటో దిగి కిందికి దిగి, భోజనాల క్యూలో చేరి, ఇంటికి పోతారు. నూటికి తొంభై మంది తాళి కట్టడం చూడనే చూడరు. పొద్దున చౌల్ట్రీలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకు నాలుగు వరసల కుర్చీలు నిండితే గొప్ప. ఖర్చులో ముప్పావు వంతు రాత్రి కూటానికే పోతుంది. ఇదేమని అడిగితే ఆఫీసులవాళ్ళకు సాయంత్రమే వీలు అంటారు. 1974లో నాకూ ఆఫీసు ఉండేది. నా సెక్షనులోవాళ్ళు పదకొండు మంది సెలవు పెట్టి మా పల్లెకు వచ్చారు, అందరూ కలిసి కొన్న హెచ్ఎంటీ జనతా గడియారం తెచ్చారు. అదే ఇప్పటికీ నా చేతికుంది. ఫ్యాక్టరీకి 2016లో తాళం పడింది. గడియారానికి మాత్రం నేను రోజూ పొద్దున కీ ఇస్తున్నాను, నడుస్తోంది.

స్టేజీ డెకరేషనుకు ఒకాయన లక్షా అరవై వేలు అడిగాడట. అది విన్నప్పటి నుంచి నాకు మా లేపాక్షి విరుపణ్ణ గుర్తొస్తున్నాడు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారి. వీరభద్రస్వామి గుడి కట్టిస్తూ శివపార్వతులకు కళ్యాణ మంటపం తలపెట్టాడు. రాజు ఊళ్ళో లేనప్పుడు ఖజానా సొమ్మంతా దీనికే పోశాడని ఎవరో చాడీ చెప్పారట, కళ్ళు తీయించమని రాజు అన్నాడట, ఆ శిక్ష ఏదో తానే వేసుకుని కళ్ళు పీకి గోడకేసి కొట్టాడని మా వైపు చెప్పుకుంటారు. గోడ మీద ఎర్రటి మరకలు రెండు చూపిస్తారు. మంటపం ఇవాళ్టికీ కప్పు లేకుండా స్తంభాలతో నిలబడి ఉంది. చిన్నప్పుడు ఆ స్తంభాల మధ్య మేము దాగుడుమూతలు ఆడుకున్నాం. దేవుడి పెళ్ళికే చేతికి మించి దిగితే అట్లా అయింది, మనమెంత?

ఆయనకైనా రాతి స్తంభాలు మిగిలాయి. మీ లక్షా అరవై వేల పూలు మర్నాడు మధ్యాహ్నానికి చెత్త ఆటోలో పోతాయి. తిండి సంగతి ఇంకా ఘోరం. పన్నెండు పదమూడేళ్ళ క్రితం బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు కళ్యాణ మంటపాలు తిరిగి లెక్క తీశారు. ఈ ఒక్క ఊరి పెళ్ళిళ్ళలోనే ఏడాదికి 943 టన్నుల మంచి తిండి పారేస్తున్నారని తేలింది. ఎందుకు పారేయరు? మా పెళ్ళిలో వడ్డించింది మా చిన్నాయన. నా కడుపు ఎంతో ఆయనకు తెలుసు, ఆకులో మిగిలిస్తే నెత్తిన మొట్టేవాడు. ఇప్పుడు వడ్డించే పిల్లవాడికి మీరెవరో తెలీదు, వాడు ఎవరో మీకు తెలీదు. చిరోటి మీద బాదంపాలు పోసి, మీరు వద్దనేలోపు రెండోది వేసి పోతాడు. ఆకుకు ఎనిమిది వందలట. తిన్నా అంతే, పారేసినా అంతే.

మా పెద్దమ్మాయి పెళ్ళి, అంటే ఈ పిల్ల తల్లి పెళ్ళి, 1998లో మల్లేశ్వరంలో ఒక చిన్న చౌల్ట్రీలో చేశాను. అప్పటికే నేను పూర్తిగా బెంగళూరువాణ్ణి. ఊరు లేదు, చెరువు కింద తోటలు లేవు. అయినా వంటవాళ్ళకు కూలి మాట్లాడుకున్నాం గానీ ఆకులెక్కన ఇవ్వలేదు. వంటాయన రాసిచ్చిన చీటీ పట్టుకుని బియ్యం, బేడలు, ఉల్లిగడ్డలు యశవంతపురం మండీలో మేమే తెచ్చాం. కూరగాయలు ముందురాత్రి మా కాలనీ వాళ్ళు తరిగారు. ఆ రాత్రి చౌల్ట్రీ వంటింటి నేల మీద ఇరవై అయిదు మంది, ఇంటి నుంచి తెచ్చుకున్న కత్తిపీటలతో. బీన్స్ తరిగేవాళ్ళు ఒక మూల, గుమ్మడికాయ ఒక మూల, కొబ్బరి తురిమేవాళ్ళు వేరే. తెలుగు, కన్నడ, తమిళం, మూడు భాషల్లో కబుర్లు. పన్నెండింటికి వంటాయన అందరికీ కాఫీ పోశాడు. మా అమ్మాయి మెహందీ లేదు సంగీత్ లేదు, ఆ గుంపులోకి వచ్చి కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది. ఇవాళ్టికీ నా ఫ్యాక్టరీ స్నేహితులు ఎదురైతే అడిగేది ఆ రాత్రి గురించే. మంటపానికి ఏ పూలు కట్టామో ఒక్కరికీ గుర్తు లేదు, నాకూ లేదు.

ఇదంతా నేను గొంతు పెంచి చెబుతుంటే మా ఇంటామె వంటింట్లోంచి విన్నది. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి మనవరాలితో అంది: "మీ తాత చెప్పే పందిరిని నేను చూడనే లేదు. తల వంచుకుని కూర్చోమన్నారు. నాకు గుర్తున్నది చాప అంచు, నా కాళ్ళ మీది పసుపు. మర్నాటి నుంచి మూడు రోజులు ఆ గుండిగలు తోమింది నేనే." అని లోపలికి పోయింది.

నేను కాదనలేకపోయాను. యాభై ఏళ్ళు కాపురం చేసి ఈ మాట నేను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే నా లెక్క దొంగలెక్క అవుతుంది. మా అక్క పెళ్ళికి మా నాయన ఏటి ఒడ్డున ఎకరన్నర అమ్మాడు. ఆ డబ్బు ఖర్చుల పుస్తకంలో లేదు, ఎందుకంటే అది కట్నం. 1961లోనే నిషేధ చట్టం వచ్చింది, మా పందిట్లోకి మాత్రం రాలేదు. పెళ్ళి తక్కువలో అయిందని ఊరంతా మెచ్చుకున్నారు. ఆ చేను మళ్ళీ మా చేతికి రాలేదు, మా నాయన ఆ గట్టు మీద నడవడమే మానేశాడు. మా మనవరాలి పట్టీలో అరవై ఏడు వరసలున్నాయి గానీ ఆ వరస లేదు. అందుకు ఆ పిల్లకు దణ్ణం పెట్టాలి, పెట్టాను.

తక్కువలో పెళ్ళి చేసుకోవడానికి దారులు లేవనుకోకండి. తిరుమలలో పాపవినాశనం దారిలో కళ్యాణ వేదిక ఉంది, 2016 నుంచి అక్కడ పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ పసుపుకుంకుమల్నీ దేవస్థానం వాళ్ళే ఉచితంగా ఇస్తున్నారు. ధర్మస్థలలో సామూహిక వివాహాలు 1972 నుంచి జరుగుతున్నాయి. ఈ కన్నడదేశంలోనే కువెంపు గారంతటి మహాకవి 1966లో తన కొడుకు పూర్ణచంద్ర తేజస్వి పెళ్ళిని మంత్రమాంగల్యం అనే పద్ధతిలో, కట్నం లేకుండా, ఆడంబరం లేకుండా, నాలుగు మంచి మాటలు చదివించి చేశాడు. ఇవన్నీ చెప్పాను. "అవి బాగున్నాయి తాతా, కానీ నాకు మనవాళ్ళంతా కావాలి" అంది. ఆ మాట విన్నాక నా కోపం సగం దిగింది.

2020లో పెళ్ళికి యాభై మందికి మించకూడదని సర్కారు కట్టడి చేసినప్పుడు, మా వీధిలో ఒక పెళ్ళి మిద్దె మీద జరిగింది. హాలుకు కట్టిన అడ్వాన్సు ఇరుక్కుపోయిందని పిల్లవాడి తండ్రి ఒకటే ఏడుపు. తీరా చూస్తే, యాభై మందీ తాళి కట్టడం దగ్గర్నుంచి చూశారు. పెళ్ళికొడుకు చేతులు వణకడం నేను నా కళ్ళతో చూశాను. మూడో ముడి వాడి చెల్లెలు వేసింది. అందరం ఒకే బంతిలో దూరదూరంగా కూర్చుని తిన్నాం. ఆ రోగపు రోజుల్ని మెచ్చుకోలేను, ఎందరో పోయారు. కానీ ఈ ఊళ్ళో నేను గత పాతికేళ్ళలో చూసిన పెళ్ళిళ్ళలో నాకు పూర్తిగా గుర్తున్నది అదొక్కటే.

ఈ శనివారం తెల్లవారుజామున మనవరాలిని లేపి కె.ఆర్. మార్కెట్టుకు తీసుకుపోయాను. 1928లో కట్టిన ఆ కట్టడం కింద అయిదు గంటలకే పూలు గుట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. హోసూరు వైపు నుంచి, చిక్కబళ్ళాపురం వైపు నుంచి రాత్రంతా లారీల్లో వచ్చినవి. మా పిల్ల ఇరవై అయిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటూ అక్కడ అడుగు పెట్టలేదట! కాళ్ళ కింద తడి, నెత్తిన బుట్టలవాళ్ళ అరుపులు, దాని తెల్లబూట్లు బురద. రెండు కిలోల చామంతి తీసుకున్నాం. అమ్మే ముసలామె మాది మదనపల్లె అంటూ తెలుగులోనే బేరమాడి, పెళ్ళికని తెలిసి ఒక దోసెడు ఊరికే వేసింది. డెకరేషనాయన పూలకని వేసిన లెక్కా, ఈ గోనె పట్టా మీది ధరా పక్కపక్కన పెట్టుకుని పిల్ల బస్సులో దారంతా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక మా ఇంటామె దానికి కట్టడం నేర్పింది. తడిపిన అరటి నార ఎడమచేతి వేళ్ళ మధ్య బిగించి, ఇటు రెండు పూలు, అటు రెండు, తొడిమలు ఎదురెదురుగా. నార మీదుగా తిప్పి, చుట్టులోంచి లాగి, బొటనవేలితో కిందికి తోయాలి. గట్టిగా లాగితే తొడిమ తెగుతుంది, వదులైతే పూలు జారతాయి. మొదటి మూరకు దానికి గంట పట్టింది, సగం పూలు ఒళ్ళోనే. రెండో మూర అరగంటలో అయింది. మూడోది కడుతూ తన స్నేహితురాళ్ళకు ఫోనులో చూపించింది. వాళ్ళలో ఒకమ్మాయి, వరంగల్లు పిల్ల, నాకు కట్టడం వచ్చు నేనొస్తా అంది. ఇంకొకతె నాకు నేర్పుతారా అని అడిగింది. పెళ్ళికి ముందురాత్రి మా మిద్దె మీద పదిహేను మంది మల్లెమొగ్గల చుట్టూ కూర్చోబోతున్నారని అప్పటికప్పుడు తేలిపోయింది. మొహమాటం అంది కదా. అడగనే లేదు, వాళ్ళే వచ్చారు.

ఇప్పుడు పట్టీ మారింది. హాలు లేదు. విద్యారణ్యపురలో మా ఇంటి ముందు పందిరి, మిద్దె మీద భోజనాలు. రిసెప్షను లేదు, ముహూర్తానికే నూట ఇరవై మంది. పెళ్ళి చీర ధర్మవరంలో నేతగాళ్ళింటికే పోయి తెస్తాం. డ్రోను ఎగిరిపోయింది. ఫోటోగ్రాఫరు ఒక్కడు ఉన్నాడు, అతణ్ణి మాత్రం వదలనంది. సరే అన్నాను. నా పెళ్ళిది ఒక్కటే ఫోటో, అందులో మా జేజి మొహం మీద ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. ఆమెది ఇంకో ఫోటో మాకు లేదు. గుండిగలు తోమడం మగపిల్లల పని అని మా ఇంటామె శాసనం. చదివింపులు ఉంటాయి. మా మనవడు కంప్యూటరులో రాస్తానన్నాడు, కుదరదు, ఎర్ర అట్ట పుస్తకంలోనే రాయాలని పట్టుబట్టాను.

నిన్న రాత్రి మా పల్లెకు ఫోను చేశాను. మా చిన్నాయన మనవడు ఎత్తాడు. ఏమప్పా, మా జేజి గుండిగ ఎవరింట్లో ఉంది అని అడిగాను. "మా అటక మీదే ఉంది పెదనాయనా, విత్తనం వేరుశనగ పోసుకున్నాం. పేరు కూడా ఇంకా కనబడుతుంది" అన్నాడు. పెళ్ళికి కావాలన్నాను. "ఖాళీ చేసి తోమించి పెడతా. కానీ మీరే వచ్చి మోసుకుపోవాలి" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి మెజస్టిక్ నుంచి హిందూపురం బస్సు. మనవరాలితో, దాని పెళ్ళికొడుకుతో చెప్పాను. ఆ గుండిగ ఒక్కరు మోసేది కాదు. ఆరంటే ఆరే, ఆరున్నర కాదు.